ఆ ఇంటి గుర్తుమాట

మా పిన్ని పదకొండేళ్ళుగా పరాయి ఇళ్ళకు కాపలా కాస్తోంది. ఆ ఇళ్ళలో ఒక్కదాని గడప కూడా ఆమె తొక్కలేదు.

ఆమె కూర్చునేది నాలుగంతస్తుల మేడలో, కిటికీలు లేని ఒక గదిలో. పన్నెండు బల్లలు, బల్లకు రెండు తెరలు. ఏసీ చలికి ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకునే ఉంటుంది. గొంతు పోయిన రోజున గది తుడిచే ఆవిడ అడక్కుండానే వేడినీళ్ళు తెచ్చి బల్ల మీద పెడుతుంది. పిన్ని చెవికి ఫోను తగిలించుకునే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది. తన తెర మీదున్న ఇళ్ళన్నింటినీ చల్లగా చూడమని దేవుణ్ణి అడుగుతుంది. పేరుపేరునా అడగాలంటే తెల్లారిపోతుంది కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం.

పని చూడటానికి సులువుగానే ఉంటుంది. ఆ ఇళ్ళ తలుపులకూ కిటికీలకూ బొటనవేలంత అయస్కాంతపు బిళ్ళలు జంటగా అంటించి ఉంటాయి. తలుపు తెరుచుకుని ఆ జంట విడిపోతే గోడ మీది పెట్టెకు తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళు అంకెలు నొక్కి దాన్ని ఆపకపోతే, ఆ పెట్టె పిన్ని తెర మీదికి కబురు పంపుతుంది. ఏ ఇల్లు, ఏ తలుపు, ఎన్ని గంటలకు అని ఒక ఎర్రగీత వస్తుంది. వెంటనే పిన్ని ఆ ఇంటి ఫోనుకు చేయాలి. ఎత్తినవాళ్ళు పాస్‌వర్డ్ చెప్పాలి. దాన్ని పిన్ని గుర్తుమాట అనేది. మాట సరిపోతే 'ఇంట్లోవాళ్ళే' అని రాసి ఆ గీతను మూసేయాలి. ఎవరూ ఎత్తకపోతే రెండో నంబరు, ఆ తరవాత తాళంచెవి ఉన్న పొరుగువాళ్ళు, చివరికి పోలీసులు.

"ఇన్నేళ్ళలో ఎంతమంది దొంగల్ని పట్టుకున్నావే?" అని మా అమ్మ ఒకసారి అడిగింది.

"ముగ్గుర్ని. పిల్లుల లెక్క మాత్రం దేవుడికే తెలియాలక్కా," అంది పిన్ని.

పిన్ని పై అధికారి చేతిలో ఎప్పుడూ ఒక చెక్క స్కేలు ఉండేది. దానితో తెరల మీద తప్పులు చూపిస్తాడని అందరూ ఆయన్ని రూలుకర్ర అనేవాళ్ళు. మనిషి చెడ్డవాడు కాదు. ఎర్రగీత తొంభై సెకన్లు దాటి నిలబడితే మాత్రం ఆయన వచ్చి వెనకాల నిలబడేవాడు.

ఆ తెర మీదున్న ఇళ్ళలో ఒకటి రిటైరైన బస్సు డ్రైవరుది. ఆయనా భార్యా ఇద్దరే. అలారం పెట్టించుకున్న రోజున పిన్నితో ఆయన అన్న మొదటి మాట ఇది:

"దొంగ లోపలికి రాకుండా కాదు తల్లీ. మా ఇంట్లో మనిషి బయటికి పోకుండా."

ఆవిడకు మతిమరుపు వచ్చింది. తలుపు తీసుకుని ఎటో వెళ్ళిపోయేది. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఆయన చెవులు మొద్దుబారాయి, తలుపు చప్పుడు వినపడేది కాదు. అలారం మోత వింటే ఆవిడ చెవులు మూసుకుని ఏడ్చేదట. అందుకని మోత తీయించేశాడు. ఆ ఇంటి పెట్టె పగలంతా మోగకుండా మేలుకుని ఉండేది. ఆవిడ తలుపు తీయగానే పిన్ని హాల్లో ఉన్న ఫోనుకు చేసేది. సరైన మాట రాకపోతే ఆయన మొబైలుకు చేయాలని కాగితాల్లో ప్రత్యేకంగా రాసి ఉంది. మొబైలు చొక్కా జేబులో వణికితే ఆయనకు తెలిసేది.

"దొంగ దొరికింది తల్లీ," అని రెండు నిమిషాల్లో ఆయనే తిరిగి చేసేవాడు. "కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని గేటు దగ్గర నిలబడింది. ఎక్కడికి ప్రయాణమమ్మా అంటే నువ్వెవరయ్యా అడగడానికి అంటోంది."

ఆ ఇంటి గుర్తుమాట గొడుగు. ఆయన బస్సు నడిపే రోజుల్లో సీటు మీద గొడుగు మరిచిపోయి దిగిన అమ్మాయి కోసం బస్సు ఆపి, వెనక్కి పరుగెత్తి ఇచ్చి వచ్చాడట. "బస్సులో అందరూ నన్ను తిట్టారు. అది మాత్రం థాంక్స్ కూడా చెప్పలేదు. సరాసరి పెళ్ళే చేసుకుంది," అనేవాడు.

హాల్లో ఫోను ఎత్తేది ఎప్పుడూ ఆవిడే. పిన్ని గుర్తుమాట అడిగితే ఆవిడ కంగారుపడేది. కూర పేరో, ఎవరో పిల్లల పేరో చెప్పేది. తప్పని తెలిసి గొంతు చిన్నబోయేది. పిన్నికి అది భరించరానిదిగా ఉండేది. పలకా బలపం పట్టుకుని తప్పు రాసిన పిల్లలా ఉంటుందే ఆ అక్క గొంతు, అనేది మాతో. అందుకని నేర్పడం మొదలుపెట్టింది. మొబైలుకు చేసి ఆయనకు చెప్పాక, మళ్ళీ హాల్లో ఫోనుకు చేసి నిమిషం మాట్లాడేది.

"వానొస్తే ఏం పట్టుకుంటామక్కా?"

"చెయ్యి."

"చెయ్యి పట్టుకుంటే తడుస్తాంగా."

"ఆయన చెయ్యి పట్టుకుంటే తడవం, ఫోనమ్మాయ్."

పిన్ని నవ్వు ఆపుకోలేక ఫోను మూసి పక్కకు తిరిగేది. అలా నాలుగు నెలలు పట్టింది. ఒక పొద్దున ఫోనెత్తగానే, అడక్కముందే ఆవిడ "గొడుగు" అంది. "సరిగ్గా చెప్పావక్కా" అంది పిన్ని. ఆ వైపు నుంచి చప్పట్లు వినిపించాయి. ఆ సాయంత్రం పిన్ని మా ఇంటికొచ్చి ఆ సంగతే మూడుసార్లు చెప్పింది.

మాట సరిపోయాక రూలు ప్రకారం ఇక మొబైలుకు చేయనక్కర్లేదు. అయినా పిన్ని చేసేది. ఆవిడ చెప్పిన మాట సరే, ఆవిడ వెళ్ళే దారి సరి కాదు కదా. ఒక్క రోజు కూడా ఆ రెండో ఫోను మానలేదు.

ఒక్క రోజు మానింది.

ఆ రోజు పొద్దున్నుంచీ పెద్దగాలి. తలుపులు కొట్టుకున్నాయి, కరెంటు పోయి వచ్చింది. పది గంటలకు తెర మీద ఇరవై మూడు ఎర్రగీతలు. పిన్ని ఒక్కొక్కటీ మూస్తూ వస్తోంది. వెనకాల రూలుకర్ర నిలబడి ఉన్నాడు. డ్రైవరు గారి ఇంటి ముందు తలుపు గీత వచ్చింది. పిన్ని హాల్లో ఫోనుకు చేసింది.

"గొడుగు," అంది ఆవిడ.

"సరిగ్గా చెప్పావక్కా. ఆయనేరి?"

"స్నానం చేస్తున్నాడు. నీళ్ళ చప్పుడు వినపడుతోంది."

"తలుపెయ్యక్కా. గాలిగా ఉంది."

"ఊఁ."

పిన్ని వేలు రెండో నంబరు మీదికి వెళ్ళింది. అప్పటికి ఇంకో రెండు గీతలు వచ్చాయి. "మాట సరిపోయిందిగా, పదండి పదండి," అన్నాడు రూలుకర్ర. స్నానంలో ఉన్న మనిషి జేబులో ఫోను ఎందుకుంటుందిలే అనుకుంది పిన్ని. 'ఇంట్లోవాళ్ళే' అని రాసి మూసేసింది.

ఆయన స్నానం చేయడం లేదు. కొళాయి తిప్పి అక్కడే పడిపోయాడు. ఆవిడ ఊఁ అంది గానీ తలుపు వేయలేదు. తెరిచిన తలుపు మళ్ళీ తెరుచుకోదు కాబట్టి, ఆ తరవాత ఆవిడ బయటికి నడిచి వెళ్ళిపోయినా పెట్టె ఇంకో కబురు పంపలేదు.

పిన్ని మొబైలుకు చేసి ఉంటే ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తకపోతే పొరుగింటి టైలరమ్మకు చేసేది. టైలరమ్మ దగ్గర తాళంచెవి ఉంది, పిలిస్తే పలికేంత దూరం. ఇదంతా పిన్నే నాకు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. చాలాసార్లు చెప్పింది.

మధ్యాహ్నం నీళ్ళు సందులోకి పారితే టైలరమ్మ వచ్చి చూసింది. ఆసుపత్రిలో డాక్టరు, రెండు గంటల ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళమన్నాడట. ఆవిడ సాయంత్రానికి బస్‌స్టాండులో దొరికింది. బల్ల మీద కూర్చుని వచ్చే ప్రతి బస్సులో డ్రైవరు ముఖం చూస్తోందట. అక్కడ ఊడ్చే ఆవిడ తన టీలో సగం ఇచ్చి, డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా పక్కనే కూర్చుంది. దేవుడే ఆవిడ రూపంలో కూర్చున్నాడని నేనంటే పిన్ని కాదనలేదు. "పొద్దున ఎక్కడ కూర్చున్నాడు మరి?" అంది.

మర్నాడు టైలరమ్మ ఆఫీసుకు ఫోను చేసింది. తెర మీద నంబరు చూసి పిన్నే ఎత్తింది.

"ఆ ఇంటి అలారం తీసేయండమ్మా. లోపలుంచాల్సిన మనిషి ఇప్పుడక్కడ లేదు. ఉంచేవాడూ లేడు."

రూలుకర్ర ఆ రికార్డింగు తెప్పించి విన్నాడు. "మాట సరిగ్గా ఉంది. గొంతులో తడబాటు లేదు. ముప్ఫై ఎనిమిది సెకన్లు. మీ తప్పేం లేదు," అన్నాడు.

"ఆ మాట నేర్పింది నేనే సార్."

ఆయన అర్థం కాక చూశాడు. పిన్ని మొదట్నుంచీ చెప్పింది. విని, స్కేలు బల్ల మీద పెట్టేశాడు. తరవాత మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టి, "ఇది ఇంకెక్కడా అనకండి," అన్నాడు. ఆమె మేలు కోరే అన్నాడు. ఆ మేలు వల్ల ఆమెను తిట్టేవాళ్ళు కూడా లేకుండా పోయారు. పిన్నికి కావలసింది ఎవరైనా తిట్టడం.

రెండు నెలల తరవాత కొత్తగా చేరినవాళ్ళకు పక్క గదిలో పాఠం చెబుతున్నారు. గీతను సరిగ్గా మూయడం ఎలాగో చూపించడానికి మంచి మార్కులు పడ్డ రికార్డింగులు వినిపిస్తున్నారు. గాజు తలుపు సందులోంచి "గొడుగు" అన్న మాట వినపడింది. దాని వెనక కథ పాఠం చెప్పేవాడికి తెలియదు. పిన్ని చెవి ఫోను తీసి, మళ్ళీ పెట్టుకుంది. అప్పటికే ఇంకో గీత వచ్చి ఉంది.

ఇప్పుడు మాట సరిపోయినా పిన్ని అందరికీ రెండో ఫోను చేస్తుంది. చెప్పిందిగా మా ఆవిడ, మళ్ళీ ఎందుకమ్మా అని విసుక్కుంటారు. రూలుకర్ర చూసీ చూడనట్టు వెళ్ళిపోతాడు.

ఆవిణ్ణి ఒక ఆశ్రమంలో చేర్చారు. పోయిన సెలవు రోజున పిన్ని నన్ను తోడు రమ్మంది. నాలుగు ఇనప మంచాల గది. ఆయమ్మ ఎవరో తల దువ్వి రెండు జడలు వేసింది. పిన్ని ఆ ముఖం చూడటం అదే మొదటిసారి. గొంతు విని పెద్ద మనిషనుకుందట. మంచం మీద ఇంతే ఉంది మనిషి.

ఆవిడ మా ఇద్దర్నీ గోడను చూసినట్టు చూసింది. పిన్ని ఏం మాట్లాడాలో తెలియక, రోజూ ఫోనులో అనేదే అంది.

"నమస్కారమండీ, సెక్యూరిటీ ఆఫీసు నుంచి."

ఆవిడ ముఖం దీపం పెట్టినట్టయింది. నిటారుగా కూర్చుంది.

"గొడుగు."

పిన్ని చెయ్యి ఫోను కోసం చెవి దగ్గరికి వెళ్ళి ఆగింది. ఆవిడ కాసేపు ఎదురుచూసింది. గొంతు చిన్నబోయింది.

"తప్పా, ఫోనమ్మాయ్?"

"కాదక్కా," అంది పిన్ని. "సరిగ్గా చెప్పావు."

ఆవిడ చప్పట్లు కొట్టింది. కొట్టి, పిన్ని కొంగు పట్టుకుని దగ్గరికి లాగింది.

"అయితే ఆయనకు ఫోను చెయ్యి. స్నానం అయిపోయుంటుంది."

ఆ రెండో నంబరు పిన్నికి ఇప్పటికీ కంఠతా వచ్చు.