బతికుండగానే నన్ను ఏడ్చిన వదిన

మా వదిన పోయింది. నెల్లిమర్లలో ఎరువు బస్తా ఆటోలోకి ఎత్తిస్తుంటే మా కోడలు ఫోన్ చేసి చెప్పింది. "ఎవరు పోయారు?" అని మళ్లీ మళ్లీ అడిగాను. వినబడక కాదు. వయసులో ఆవిడే పెద్దదైనా, మా ఇద్దరిలో ముందు పోవలసినవాణ్ణి నేను. ఎందుకంటే నన్ను ఆవిడ అప్పటికే ఏడ్చేసింది. ఆ సంగతే మీకు చెప్పాలి.

ఆవిడ మా అన్నకు భార్యగా వచ్చేసరికి నేను నిక్కర్ల వయసువాణ్ణి. పాట లేకపోతే ఆవిడకి చేతులు ఆడేవి కావు. ఊడుపుల్లో పాటే, దంపుళ్లలో పాటే. ఎవరింట్లో మనిషి పోయినా ఆవిడ కోసం కబురొచ్చేది. పోయినవాళ్ల గుణాలు ఒక్కొక్కటీ చెప్పి ఏడ్చే పాట అది. వదినలా ఇంకెవరూ పాడలేరు. ఇంటికొచ్చి తలస్నానం చేసి, "మంచోడని ఏడిసేను గానీ, ఒట్టి ఎదవ" అనేది.

పోయినేడు విశాఖపట్నం నుంచి గిటారు వాయించే అమ్మాయి ఒకతె వచ్చింది. మన పాటలతో ఆల్బం చేస్తోందట. వెనకాల కంపెనీ ఏదీ లేదు, తనూ తన స్నేహితులే. వదిన ఊడుపు పాటలు పాడింది గానీ ఏడుపు పాట ఇంట్లో పాడనంది. శవం లేని ఇంట్లో అది పాడితే శవాన్ని పిలిచినట్టే.

"స్టూడియోలో పాడండి అమ్మమ్మా. అది ఎవరి ఇల్లూ కాదు కదా" అంది ఆ అమ్మాయి.

"అదీ నిజిమే" అంది వదిన. నన్ను తోడు రమ్మంది.

స్టూడియో అంటే గోడలకి మెత్తలు కొట్టిన చల్లటి గది. అద్దానికి అవతల వదిన, ఇవతల నేను. గొంతెత్తి ఆగిపోయింది. ఆ పాటలో పోయినవాళ్లని వరస పెట్టి పిలవాలి. ఎవరిని పిలుస్తుంది? మా అన్నని పిలవమని మైకులో చెప్పాను.

"ఆయన్ని ఒకపాలి ఏడిసేసేను. మళ్లీ లేపి సంపమంటావేటి?" అంది. అద్దంలోంచి నన్నే చూస్తూ "ఓ మరిదీ" అని ఎత్తుకుంది.

నాకు ఒళ్లు మండింది. నోరు చెడ్డ మరిదివని పాడింది. తగువుకి ముందుండేవాడివని పాడింది. ఆ తర్వాత, మీ అన్న పోయినప్పుడు నా గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నావు, నన్నెవరూ పుట్టింటికి తోలెయ్యకుండా కాపు కాసావు అని పాడింది. ఉక్కపోతకి బయట పడుకున్నానని అప్పట్లో అందరికీ చెప్పాను. ఆవిడకి తెలుసని నాకు తెలీదు.

బయటికి రాగానే అరిచాను. "బతికున్నోణ్ణి ఏడుత్తావా? బుద్దుందా నీకు?"

"కాకి నెత్తిన తన్నితే ఏటి సేత్తాం? సచ్చిపోయాడని సుట్టాలకి అబద్దం కబురంపుతాం. ఆల్లు ఏడిత్తే గండం పోతాది. నీ గండం పోగొట్టేను, ఎల్లు."

"నా నెత్తిన ఏ కాకీ తన్నలేదు!"

"తన్నినా నీకు తెలీదు మరిదీ. అంత మందం బుర్ర."

ఆ పాట ఆల్బంలో వద్దన్నాను. "అది మా మరిది పాట. ఆడు సరే అంటేనే పెట్టమ్మా" అని వదిన ఆ అమ్మాయికి చెప్పేసింది. ఆ అమ్మాయి అడిగినప్పుడల్లా కాదన్నాను. వదిన మాత్రం ఒక్కసారీ బతిమాలలేదు. "సచ్చేక నీకు ఇనబడదు కదా. ఉండగానే ఇన్నావు, సాలు" అంది.

వదిన పోయాక నాకేదీ అంతు పట్టలేదు. నా మీంచి పోయిన గండం ఎవరి మీద పడింది? పురోహితుణ్ణి అడిగితే అలాంటిదేమీ లేదన్నాడు. ఆయనకు మాత్రం ఏం తెలుసు. ఆ పాట ఆల్బంలో పెట్టనివ్వకపోతే ఆవిడ గొంతు పోతుంది. పెట్టనిస్తే, నేను వీధిలో తిరుగుతుండగానే ఇళ్లల్లో నా చావు మోగుతుంది.

పెద్దకర్మనాడు ఆ అమ్మాయి వచ్చింది. వదినని ఏడవడానికి కూర్చున్న ఆడవాళ్లకి నాలుగు ముక్కలు మించి రాలేదు. ఊరందరినీ ఏడ్చిన మనిషికి ఏడ్చే గొంతు లేదు. నేను చూడలేకపోయాను.

"ఆ పాట పెట్టమ్మా" అన్నాను. "నాది కదా, నా ఇట్టం. ఆల్బంలో కూడా పెట్టీ."

ఫోనులో వదిన నన్ను ఏడుస్తుంటే ఆడవాళ్లు వదినని ఏడ్చారు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చారు, పోయినవాణ్ణి నేనే అయినట్టు. పాట అయిపోయాక ఇంకా ఏదో ఉంది. కొయ్యడానికి మనసొప్పలేదంది ఆ అమ్మాయి. వదిన నవ్వు అది. "ఏటి మరిదీ, ఉన్నావా, ఎల్లిపోయావా?" అంటోంది.

దండ వేసిన ఫొటోలో వదిన మూతి బిగించుకుని ఉంది. ఫోనులో పకపకా నవ్వుతోంది. "ఉన్నానొదినా" అందామనుకున్నాను. ఎటు తిరిగి చెప్పాలో తెలియలేదు.