డ్రిల్లు మాస్టారి గొంతు

ముప్పై నాలుగేళ్లు మైకు ముట్టకుండా రెండువేలమంది పిల్లలను వరుసలో నిలబెట్టిన గొంతు డ్రిల్లు మాస్టారిది. కంతి పెరిగిందని డాక్టర్లు ఆ స్వరపేటికనే తీసేశారు. ఊపిరి ఇప్పుడు మెడకు పెట్టిన రంధ్రంలోంచి వచ్చిపోతుంది. దాన్ని పల్చటి రుమాలుతో కప్పుకుని, ఛాతీ మాత్రం విరుచుకునే, మూడు నెలలుగా గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడు. పెదవి కదపడు, ఏం కావాలన్నా పలక మీద రాస్తాడు. ఒకనాడు, నేతమిల్లులో పనిచేసి వచ్చిన భార్య ఆ పలక లాక్కుంది.

"మగ్గాల రొదకు నా లోచెవులు పోయి ఇరవయ్యేళ్లయింది. ఆ గొంతంటే మీకు ప్రాణం కదా అని చెప్పలేదు. ఇన్నాళ్లూ నేను విన్నది మీ పెదాలనే మహానుభావా! అవి ఉన్నాయిగా, ఇటు తిరిగి మాట్లాడండి."

మాస్టారు గిర్రున ఆవిడవైపు తిరిగాడు. ఇరవయ్యేళ్ల గుట్టుకు రోషం పొడుచుకొచ్చి, చప్పుడు లేని పెదాలతోనే ఆవిడను దులిపేశాడు.

"అంత గట్టిగా అరవకండి, పక్కింటివాళ్లు వింటారు" అంది ఆవిడ.