గాజు అలమారలో చెవి మిషను

దేవుడు మా ఆయన చెవుడు నయం చేశాడని మా సంఘంలో ఐదు నెలలు చెప్పుకున్నారు. ఆ ఐదు నెలలే ఆయన నిజంగా చెవిటివాడిగా బతికాడు. అంతకుముందు చెవిలో మిషను ఉండేది, నేను వంటింట్లో గొణుక్కున్నా హాల్లోంచి సమాధానం వచ్చేది. నయమైన రోజు నుంచి ఆ మిషను పోయింది, దానితోపాటు అరిచి అరిచి నా గొంతూ పోయింది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మండనీ. శాంతంగా చెప్పడం నాకు చేతకాదు.

ఆయన డెంటింగ్ మేస్త్రి. గుద్దుకుని నలిగిన కార్ల తలుపులు, బానెట్లు సాపు చేస్తాడు. లోపలి వైపు ఇనప దిమ్మె ఆనించి, బయట సుత్తితో తట్టి, అరచేత్తో తడిమి, మళ్లీ తడతాడు. కంటికి కనిపించని సొట్ట కూడా ఆయన అరచేతికి తెలిసిపోతుంది. రేకుల కప్పు కింద ముప్పై ఒక్క ఏళ్లు రేకు మీద సుత్తి దెబ్బలు వింటే ఏ చెవి మిగులుతుంది? ఎడమది పూర్తిగా పోయింది, కుడిది ముప్పాతిక పోయింది. రెండేళ్లు సెలవు లేకుండా పనిచేసి కుడి చెవికి మిషను కొనుక్కున్నాడు. అది పెట్టుకున్న మొదటి రోజే, "ఈ కుళాయి ఎప్పట్నుంచి కారుతోంది?" అని అడిగాడు. మూడేళ్ల నుంచి అన్నాను.

అప్పట్లో ఆయన కోపం ముందు నా కోపం దిగదుడుపే. ఒకసారి షెడ్డు ఓనరు మీదికి సుత్తి విసిరాడు. ఓనరు తప్పుకున్నాడు, అప్పుడే బాగుచేసిన కారు అద్దం పగిలింది. ఇంట్లో కంచాలు ఎగరని వారం ఉండేది కాదు. అలాంటి మనిషి మారడానికి నా కడుపులో పుట్టిన గడ్డే కారణం. ఆపరేషనయ్యి నేను నలభై రోజులు మంచానికి అతుక్కుపోతే, మా వీధి చివర సైకిల్ షాపు మేడ మీద కూడుకునే చిన్న సంఘం వాళ్లు వంతులు వేసుకుని వచ్చారు. మేం వాళ్లకు ఏమీ కాము. అయినా ఒకరు వండారు, ఒకరు నా బట్టలు ఉతికారు. రిటైరైన పోస్ట్‌మ్యాన్ తాతయ్య చేతికర్ర పోటేసుకుంటూ, రెండో చేత్తో క్యారియర్ పట్టుకుని, రోజూ మా మెట్లెక్కాడు.

వాళ్లకు కృతజ్ఞతగా ఒక మాట చెప్పి వద్దామని మా ఆయన ఒక ఆదివారం వెళ్లాడు. మరుసటి ఆదివారమూ వెళ్లాడు. అక్కడ ఏం విన్నాడో ఏమో, ఇంట్లో కంచాలు ఎగరడం ఆగిపోయింది. ఓనరు దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాడు. భోజనానికి ముందు తల వంచి కృతజ్ఞత చెప్పేవాడు, నేను ఉప్పు వేయడం మరిచిపోయిన కూరకు కూడా. నేనూ ఆయన వెంట వెళ్లేదాన్ని. మోకాళ్లయితే వంచాను గాని ప్రార్థనకు నోరు పెగిలేది కాదు. నలభై రోజులు నాకు అన్నం పెట్టినవాళ్ల ముందు కూడా నేను చేతులు కట్టుకునే కూర్చున్నాను.

ఇదిలా ఉండగా, ప్రార్థనతో రోగాలు నయం చేసే స్వస్థత కూటాలకని ఎక్కడి నుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మా పాస్టరుగారు నెమ్మదస్తుడు, ఈయన సుడిగాలి. మొదటి రోజు పోస్ట్‌మ్యాన్ తాతయ్య చేతికర్ర లాగేసి నడిపించాడు. రెండో రోజు మా ఆయన్ని ముందుకు పిలిచి, రెండు అరచేతులతో ఆయన చెవులు గట్టిగా మూశాడు. చెవి మిషను మీద చెయ్యి పెడితే అది కీచుమంటుంది, వాడే వాళ్లందరికీ తెలిసిన సంగతే. ఆ కీచు మైకులోంచి హాలంతా మోగింది. "విన్నారా! దురాత్మ కేక పెడుతోంది!" అన్నాడు ఆ మహానుభావుడు. మిషను ఊడబెరికి, మా ఆయన్ని స్పీకరు పెట్టె పక్కకు జరిపి, "వినిపిస్తోందా?" అని మైకులో అరిచాడు. ఆ పెట్టె పక్కన నిలబెడితే గోడలకు కూడా వినిపిస్తుంది. మా ఆయన తల ఊపాడు.

ఇక చూడాలి. నా బట్టలు ఉతికిన వాళ్లు, నాకు వండిపెట్టిన వాళ్లు ఒకరినొకరు పట్టుకుని సంతోషంతో ఏడ్చారు. తాతయ్య మా ఆయన్ని కావలించుకుని వదల్లేదు. ప్రసంగీకుడు ఆ మిషనును ప్రసంగ వేదిక పక్కనున్న గాజు అలమారలో, తాతయ్య చేతికర్ర పక్కన పెట్టించి తాళం వేయించాడు. మర్నాడు బండెక్కి వెళ్లిపోయాడు.

ఇంటికి రాగానే నేను ఆయన ఎదురుగా నిలబడి, గొంతు బయటికి రానివ్వకుండా పెదవులు మాత్రం కదిపాను. "వినపడుతోందా?"

"ఆఁ" అన్నాడు.

గొంతు విప్పకుండా అడిగినదానికి ఆఁ అట! వీధంతా వినపడేలా మొదలుపెట్టాను. ఆయన నా నోరు చూసి సంగతి గ్రహించి, దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా గోడకు ఆనుకున్నాడు.

"నలభై రోజులు మన ఎంగిలి కంచాలు కడిగారే వాళ్లు. అంత సంతోషపడుతుంటే లేదని ఎట్లా చెప్పను? వచ్చే ఆదివారం చెబుతాలే."

వచ్చే ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందూ సాక్ష్యం చెప్పమని ఆయన్ని లేపారు. ఆ పై వారం ఇంకో సంఘానికి తీసుకెళ్లి చెప్పించారు. చెప్పిన కొద్దీ వెనక్కి రావడం కష్టమైపోయింది. చేసిన మేలు మరిచిపోని గుణమే మా కొంప ముంచింది. వాళ్లేమడిగినా నవ్వేవాడు, తల ఊపేవాడు. తాతయ్య తన చెల్లెలు పోయిందని చెబితే కూడా నవ్వుతూ తల ఊపాడు. పక్కనే ఉన్న నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇంట్లో నేను చెప్పాల్సింది పాత క్యాలెండరు కాగితాల వెనక రాసేదాన్ని, కోపం వస్తే అరిచేదాన్ని. మేం రోజూ కొట్టుకుంటున్నామని పక్కింటావిడ అందరికీ చెప్పింది. ఒకరోజు షెడ్డులో వ్యాను వెనక్కి వస్తుంటే హారను వినపడక ఆయన అలాగే వంగి పనిచేసుకుంటున్నాడట. పెయింటరు కాలరు పట్టుకుని లాగాడు కాబట్టి బతికాడు. చిరిగిన కాలరుతో వచ్చిన మనిషిని చూసి నేను ఏడవలేదు, తిట్టాను. ఆయన్ని తిట్టాను, ప్రసంగీకుణ్ని తిట్టాను, అడ్డు చెప్పని పాస్టరునూ వదల్లేదు.

ఇంతవరకూ అది మా ఇద్దరి గొడవ. తర్వాత టైలరమ్మ కూతురి దాకా వెళ్లింది.

టైలరమ్మ మా సంఘంలో మనిషే. మొగుడు లేడు, ఆరేళ్ల ఆడపిల్ల ఉంది. పుట్టుకతోనే పిల్లకు చెవులు సరిగా వినపడవు. రెండు చెవులకూ గులాబి రంగు మిషన్లు పెట్టించాక రెండేళ్లలో మాటలు నేర్చింది. నేర్చిందంటే, ఇక ఆపితే కదా! నా పక్కన కూర్చుని ప్రసంగం మధ్యలో కూడా ప్రశ్నలు వేసేది. మా ఆయన సాక్ష్యం కోసం వేరే సంఘాలకు తిరిగి, మూడు ఆదివారాల తర్వాత మేం మా సంఘానికి వస్తే, అలాంటి పిల్ల నా పక్కన ఊరికే కూర్చుంది. చూస్తే చెవులు బోసిగా ఉన్నాయి. తలెత్తి అలమార వైపు చూశాను. కర్ర పక్కన, మా ఆయన మిషను పక్కన, ఆ గులాబి రంగువి రెండూ ఉన్నాయి.

ఆరాధన అయ్యీ కాగానే టైలరమ్మను పట్టుకున్నాను.

"పాప మిషన్లు అక్కడెందుకున్నాయి?"

"దేవుడికిచ్చేశాను వదినా. మూడు వారాలైంది. అన్నయ్య సాక్ష్యం విన్నాక నాకు ధైర్యం వచ్చింది."

"మరి వినిపిస్తోందా?"

"మెల్లగా వస్తుంది. బళ్లో టీచరు వెనక బెంచీలో వేసిందట, పిలిస్తే పలకడం లేదని. అన్నీ పరీక్షలే కదా."

"పరీక్ష నీకు కాదే, పిల్లకి! మీ అన్నయ్యకు ముక్క వినపడదు. ముందు అవి తీసి పాప చెవుల్లో పెట్టు."

ఆమె నా చెయ్యి పట్టుకుని జాలిగా చూసింది. "మీకు విశ్వాసం కుదరడం లేదని అందరికీ తెలుసు వదినా. మీ కోసం కూడా ప్రార్థన చేస్తున్నాం."

అంత మాట పడ్డాక నేను ఇంకేం చెప్పను? నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మరు, ఆయన అబద్ధం చెప్పినా అది సాక్ష్యం. ఇంటికి వచ్చి క్యాలెండరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. 'మీ సాక్ష్యం విని ఆ పిల్ల మిషన్లు తీసి అలమారలో పెట్టారు. మూడు వారాలుగా దానికి ఏమీ వినపడడం లేదు.' ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అన్నం ముట్టకుండా పాస్టరుగారి ఇంటికి బయల్దేరాడు. నేనూ వెంటపడ్డాను.

పాస్టరుగారు ఏదో పలకరించబోయారు. "అయ్యగారూ, నాకు వినపడదు. ఏదైనా ఉంటే కాగితం మీద రాయండి" అన్నాడు మా ఆయన.

పాస్టరుగారు కాగితం తీసుకుని రాశారు. 'కొంచెం ఆగండి. ఒక్కసారిగా చెబితే సంఘం తట్టుకోలేదు. నేనే మెల్లగా అందరికీ నచ్చజెబుతాను.'

నేను నోరు తెరిచాను. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. "పిల్ల ఎన్ని వారాలు ఆగాలి అయ్యగారూ?" అని అడిగాడు. పాస్టరుగారు కలం మూశారు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో ఎవరూ పిలవకుండానే మా ఆయన లేచాడు. తన గొంతు తనకే వినపడదు కాబట్టి మరీ గట్టిగా మాట్లాడాడు.

"నాకు వినపడదు. ఆ రోజు కూడా నయం కాలేదు. మీరు నా ఇంట్లో అంట్లు తోమారు. మిమ్మల్ని బాధపెట్టలేక అబద్ధం చెప్పాను, దాన్నే కృతజ్ఞత అనుకున్నాను. దేవుడు నాకు చెవి ఇవ్వలేదు. నా కోపం తీసేశాడు, అది మాత్రం నిజం. ఆ సంగతి మీకెవరికీ చెప్పనే లేదు, అందరూ చెవి గురించే అడిగారు. టైలరమ్మా, నన్ను నమ్మి పాప మిషన్లు తీశావు. వాటిని తీసుకో."

ఎవరో "ఇది సాతాను పని" అన్నారు. ఇద్దరు ముగ్గురు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మా ఆయన అలమార దగ్గరికి నడిచి, తాళం ముందు నిలబడ్డాడు. నాకైతే అద్దం పగలగొట్టాలనిపించింది. పాస్టరుగారు కదిలి, జేబులోంచి తాళం చెవి తీసి, తానే తెరిచారు. "తప్పు నాది కూడా" అన్నారు, మా ఆయనకు వినపడదని తెలిసీ. టైలరమ్మ వచ్చి గులాబి మిషన్లు లాక్కుని, పిల్లను ఎత్తుకుని, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగిపోయింది. తర్వాత పోస్ట్‌మ్యాన్ తాతయ్య గోడ పట్టుకుని లేచాడు. "నా కర్ర కూడా ఇప్పించండయ్యా. రోజూ పడిపోతానేమోనని చస్తున్నాను" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వంట చేసిపెట్టిన ఒకావిడ వెళ్లి కర్ర తెచ్చి ఆయన చేతికిచ్చింది.

మధ్యాహ్నం ఇంట్లో మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని, అలమారలోంచి తెచ్చుకున్న తన మిషను తుడుచుకున్నాడు. పాత బ్యాటరీ చచ్చిపోయింది. కొత్తది తెచ్చి వేస్తుండగానే టైలరమ్మ పిల్లను చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. పిల్ల చెవులకు మిషన్లున్నాయి. ఆమె కూర్చోలేదు, మొదలుపెట్టేసింది. నేను అడ్డం వెళ్లబోయాను. మా ఆయన చెయ్యెత్తాడు.

"ఒక్క నిమిషం ఆగమ్మా." మిషను చెవిలో పెట్టుకున్నాడు. చిన్న మీట తిప్పి శబ్దం పెంచాడు. "ఊఁ. ఇప్పుడు తిట్టు. అంతా వినాలి."

ఆమె తిట్టింది. అలాంటి తిట్లు నా నోటి నుంచి కూడా రాలేదు. "నాలుగు వారాలు నా పిల్ల నా నోరు చూస్తూ ఏడ్చింది. దెయ్యం పట్టిందేమోనని కొట్టాను. నా చేత్తో కొట్టాను! నువ్వు నవ్వుతూ తల ఊపావు. నిన్ను సొంత అన్న అనుకున్నాను" అని గొంతు చించుకుంది. ఆయన తల వంచుకోలేదు. ఆమె ముఖం చూస్తూ ఒక్కో మాటా విన్నాడు, కళ్ల నీళ్లు తుడుచుకోలేదు. ఐదు నెలల తర్వాత ఆయన చెవిన స్పష్టంగా పడిన మొదటి మాటలు అవి.

"అమ్మా, మెల్లగా. నాకు వినిపిస్తోంది" అంది పిల్ల.

టైలరమ్మ ఆగిపోయింది. కింద కూలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చున్నాను. నా కోపం ఎటు పోయిందో వెతికినా దొరకలేదు. ఆ గదిలో ఎవరూ ఎవరినీ మెప్పించాల్సిన పని లేదు. ఆ పిల్ల వింటోంది, మా ఆయన వింటున్నాడు. నాకు చాలా ఏళ్ల తర్వాత మనసు తేలికైంది, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడను.

కాసేపటికి టైలరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిన్ను నేను ఇప్పుడే క్షమించలేను అన్నయ్యా. ప్రార్థన చెయ్యి" అంది, ఇంకా కోపంగానే.

"నువ్వు చెయ్యమ్మా. నేను వింటాను" అన్నాడు ఆయన.

ఆమె చేసింది. అందులో స్తోత్రాలకంటే నిలదీతలే ఎక్కువ. ఆయన మీద చెప్పింది, పాస్టరు మీద చెప్పింది, ఎందుకు చూస్తూ ఊరుకున్నావని దేవుణ్ని కూడా అడిగింది. చివర్లో మాత్రం పిల్ల మాట తిరిగొచ్చినందుకు వందనాలంది. అందరికంటే ముందు ఆమెన్ అన్నది నేనే.