ఆస్కార్ చేపకు తోడు

మా ఆయన పోయాక ఇంట్లో ముగ్గురం మిగిలాం. నేను, మా అత్త, ముందుగది అక్వేరియంలో ఒక ఆస్కార్ చేప. జానెడుకు పైన పొడుగు, నల్లటి ఒంటి మీద నిప్పురంగు మచ్చలు. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఊరికే కాదు, కారణం ఉంది.

ప్రొద్దుటూరులో అంగళ్ళు నడిపేవాళ్ళలో కొందరికి ఒక నమ్మకం. ఇంటికి రావలసిన గండం ముందు తొట్టిలోని చేప మీద పడుతుందట. ఒకసారి మా ఆయన మైలవరం దారిలో బండి మీంచి పడి, దులుపుకొని లేచి వచ్చాడు. ఆరోజే ఇంట్లో ఉన్న పాత చేప చచ్చింది. ఇంకేం, ఆ మాట ఆయనకు వేదమైపోయింది. వెంటనే ఈ ఆస్కార్‌ను తెచ్చాడు. ఆ తర్వాత ఛాతీలో నొప్పి వచ్చినప్పుడల్లా నేను ఆసుపత్రికి పోదాం పదమంటే, తొట్టి వైపు చెయ్యి చూపించేవాడు.

"చేప గుండ్రాయి మాదిరి ఉండాది గదమే, నాకేమైతాది?"

ఒక ఉదయం అంగడి షట్టరు ఎత్తుతూ కూలిపోయాడు. చేప మాత్రం ఆ పూట కూడా మేత తిన్నది. ఆ సంగతి నేను ఈనాటికీ క్షమించలేదు.

మా అత్త ఆలోచన వేరు. కొడుకు ఆ చేపలోనే ఉన్నాడని ఆమె పట్టు. దానికి తగ్గట్టే రోజూ మధ్యాహ్నం ఒకటి జరిగేది. పక్కింటాయనది కూడా మా ఆయన బండిలాంటిదే, అదే చప్పుడు. మా ఆయన అన్నానికి వచ్చే వేళకే అదీ వచ్చి ఆగేది. ఆ చప్పుడుకు చేప వాకిలి వైపు మూలకు దూసుకొచ్చి, గాజుకు మూతి ఆనించి పైకి చూసేది. మా ఆయన బండి దిగగానే నేరుగా ఆ మూలకే వచ్చి మేత వేసేవాడు మరి.

"వచ్చినాడు" అనేది మా అత్త.

నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. కానీ అప్పటికే నా చెయ్యి అన్నం గిన్నె మీద మూత తీసేసి ఉండేది.

రానురాను ఆమె తిండి మానేసింది. తొట్టి ముందు కుర్చీ వేసుకొని దాంతోనే మాటలు. "ఒంటిగా ఉండాడుమే. ఒక తోడు తెచ్చి ఎయ్యి. అప్పుడు తింటా" అంది. ఎముకలు తేలిన ఆమె చేతులు చూస్తే భయమేసింది. కొడుకు పోయినట్టే ఈమె కూడా ఆ తొట్టిని నమ్ముకొని పోతుందేమోనని. అందుకని, నాకు గిట్టని చేపకు నేనే తోడు వెతకాల్సి వచ్చింది.

ముందు జమ్మలమడుగు నుంచి మా అత్త తమ్ముడు మైలవరం డ్యాములో పట్టిన చిన్నచేపల్ని క్యానులో తెచ్చాడు. "మన నీళ్ళలో పుట్టినవి, తట్టుకుంటాయిలే" అని గర్వంగా తొట్టిలోకి వదిలాడు. ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కొని వచ్చేలోపు ఒక్కటీ లేదు. "ఇది చేపనా, ఇంకేమన్ననా!" అని నోరు తెరిచాడు. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది.

తర్వాత పులివెందులలో మా పుట్టింటికి పోయినప్పుడు, అక్కడి అంగట్లో ఇంకో ఆస్కార్‌ను కొన్నాను. సమఉజ్జీలైతే సర్దుకుంటాయని నా తెలివి. రెండూ మూతులు కరుచుకొని గుంజులాడాయి. కొత్తదాని రెక్క పీలికలైంది. పాతదానికి కంటి పైన చర్మం లేచింది. మా అత్త కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

రెక్క చిరిగినదాన్ని బకెట్లో పెట్టుకొని మా ఊళ్ళోని చేపల అంగడికి పోయాను. కువైట్ నుంచి తిరిగొచ్చి ఆ అంగడి పెట్టుకున్నాయన బకెట్లోకి చూసి కసురుకున్నాడు.

"ఏందక్కా ఇది! నోట్లో పట్టేదాన్ని ఏస్తే మింగుతాది. దాని మాదిరి ఉండేదాన్ని ఏస్తే సంపుతాది. దీనికి బయపడేది వద్దు, దీంతో కొట్లాడేదీ వద్దు. దీన్ని పట్టించుకోనిది కావాల."

గట్టి చర్మంతో, తొట్టి అడుగునే తిరిగే పెద్ద సక్కర్ చేపను కవర్లో వేసి ఇచ్చాడు. బకెట్లోదాన్ని తనే ఉంచుకున్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి కేకేశాడు.

"ఏసేముందు తొట్టిలో రాళ్ళన్నీ మార్చక్కా! పాతదానికి తన ఇల్లు గుర్తు దొరక్కూడదు. అప్పుడు రెండూ కొత్తవే."

నేను మెట్ల మీదే ఆగిపోయాను. తొట్టిలో వాకిలి వైపు మూలన ఒక ఎర్రరాయి ఉంది. పెళ్ళైన కొత్తలో గండికోట నుంచి మా ఆయన తెచ్చి, తన చేత్తో పెట్టింది. చేప దాని నీడనే ఉండేది. ఆయన పోయాక తొట్టి కడిగేటప్పుడు కూడా మా అత్త నన్ను దాన్ని కదపనిచ్చేది కాదు.

అంగడాయన మాట ఆమెకు చెప్పాను. చేప కంటి మీది పుండునే చూస్తూ కూర్చుంది. చివరికి, "నువ్వు ముట్టుకోవద్దు" అంటూ లేచింది. కొంగు దోపుకొని, భుజం దాకా చెయ్యి ముంచి, ఆ రాయిని తనే పెకలించి అవతలి మూలన పెట్టింది. నీళ్ళు మడ్డిగా అయిపోయాయి. తేరుకున్నాక చూస్తే చేప రంగు మాసిపోయి, రాయి లేని మూలలోనే తిరుగుతా ఉంది. నాకు మొదటిసారి దాని మీద జాలేసింది.

సక్కర్‌ను వదిలాం. ఆస్కార్ వచ్చి ఒక్క పోటు పొడిచింది. సక్కర్ ముళ్ళరెక్కలు విప్పి, ఉన్నచోటే ఉంది. ఆస్కార్ ఇంకోసారి చూసి, పక్కకు పోయింది.

"సర్దుకున్నాయిమే" అంది మా అత్త. ఆ పూట సంగటి ముద్ద మొత్తం తిన్నది.

కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం పక్కింటాయన బండి వచ్చి ఆగింది. చేప అవతలి మూలన, ఎర్రరాయి పక్కన, సక్కర్‌తో పాటు నిలబడి ఉంది. కదల్లేదు. వాకిలి వైపు కన్నెత్తి చూడలేదు.

మా అత్త నా వైపు చూసింది. నా చేతిలో గిన్నె మూత ఉంది. చప్పుడుకు వాకిలి వైపు తల తిప్పింది మేమిద్దరమే.