ముఖానికి సన్న బిట్టు

2008 వేసవికి హిందూపురంలోని మా టింబరు డిపో వెనక షెడ్డులో చెక్కుడు మిషను పెట్టి ఏడాదయింది. కంప్యూటర్లో బొమ్మ ఎక్కిస్తే దాన్ని టేకు మీద చెక్కుతుంది. నడిపేది మా మరిది. ఏ పనికి ఎంతసేపో లెక్క వేసేది నేను.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఒకావిడ పెనుకొండలో ఇల్లు కట్టిస్తూ, వాకిలి పైపట్టె మీద గజలక్ష్మిని చెక్కమంది. టేకు దొరకడం ఆలస్యమై, ద్వారబంధం నిలబెట్టే ముహూర్తానికి ముందురోజు పొద్దున గానీ పట్టె మా చేతికి రాలేదు. కోతల వల్ల షెడ్డుకు కరెంటు ఉండేది పొద్దున నాలుగు గంటలు, మధ్యాహ్నం నాలుగు గంటలే. రెండో పట్టె లేదు.

పొద్దున మిషనుకు ఆరు ఎంఎం చదును మొన బిట్టు, అంటే చెక్కను కోసే ములుకు, బిగించి అక్కర్లేని చెక్కంతా తీసేశాం. బొమ్మ మీద ఒక ఎంఎం మందం వదిలాం. లావు బిట్టుతో పని త్వరగా తెములుతుంది గానీ, బొమ్మ మెట్లుమెట్లుగా మిగులుతుంది. నునుపు చేయడానికి గుండు మొన బిట్లు రెండున్నాయి. ఒకటి మూడు ఎంఎం, ఇంకోటి ఒకటిన్నర.

మరిది సన్నది తీశాడు.

"అంతా దీంతోనే చేస్తా వదినా. అద్దం మాదిరి వస్తాది."

"ఏడు గంటలు పడతాది. ఉండేది నాలుగు."

"కరెంటోళ్లు ఈ పొద్దు ఇంకొంచేపు ఇయ్యరా?"

"వాళ్లేమన్నా నీ వియ్యంకులా అప్పా?"

"అట్లయితే అంతా మూడుతోనే కానిస్తా."

"అది కంటి మూలల్లోకి పోదు. కండ్లు లేని లక్ష్మిని వాకిట్లో పెట్టుకుంటారా?"

ముఖానికీ చేతులకూ సన్నది, ఏనుగులకూ తామరలకూ మూడు ఎంఎంది అని తేల్చాను. బిట్టు మార్చి, దాని మొన ఎత్తు సరిచూసుకునే సమయంతో కలిపి మూడు ముప్పావు గంటలు. ముఖం ముందు చేయమన్నాను. కరెంటు పోతే ఏనుగులను ఉలితో దిద్దుకోవచ్చు, ముఖాన్ని దిద్దగల చెయ్యి మా ఇద్దరికీ లేదు.

కరెంటు అరగంట ముందే పోయింది. కుడివైపు ఏనుగు కాళ్లు మెట్లుగానే మిగిలాయి. మరిది పొద్దుగూకేదాకా ఉలి పట్టాడు.

మర్నాడు పెనుకొండలో ఆవిడ చీర అంచు చూసినట్టు పట్టెనంతా వేలితో తడిమింది.

"ఏమబ్బా, ఈ ఏనుగు కాళ్లు గరుగ్గా ఉండాయే?"

"ఏనుగు కాళ్లు నున్నగా యాడుంటాయమ్మా?" అన్నాడు మరిది.

ఆమె నవ్వలేదు. వేలు ముఖం మీదికి పోయి, కంటి మూలల దగ్గర ఆగింది. పట్టెకు పూయడానికి పసుపు గిన్నె తెమ్మంది.