పీటల మీద కూర్చోనన్న నాన్న

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నాకు పెళ్ళి కుదిరింది. కుదిరిన వారానికే నాన్న ఇంట్లో నిప్పు రాజేశాడు. కన్యాదానానికి తను పీటల మీద కూర్చోడట, చిన్నాన్నా పిన్నీ కూర్చుంటారట.

"నాను సచ్చిపోనానేటి, వేరేవోళ్ళు కూకోడానికి?" అని అమ్మ అందుకుంది, ఆమదాలవలసలో మా కిరాణా కొట్టు ముందు నిలబడ్డవాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా.

నాకైతే ఒళ్ళు మండింది. కోటబొమ్మాళి అబ్బాయిని ఏరుకున్నది నేనే. ఆ సంబంధం ఇష్టం లేకే నాన్న ఇలా సాధిస్తున్నాడని తేల్చేసుకున్నాను. అడిగితే చెప్పడు. నేనూ మాట్లాడటం మానేశాను. మొండితనంలో ఆయన కూతుర్నే కదా!

మొదటి శుభలేఖ స్వామి దగ్గర పెట్టడానికి ముగ్గురం శ్రీకూర్మం బయల్దేరాం. పొద్దుట్నుంచి నాన్న చుక్క నీళ్ళు ముట్టలేదు. అయినా దారిలో ఆటో ఆపమన్నాడు. కాస్త దూరం పోయాక మళ్ళీ ఆపమన్నాడు. సరుగుడు తోట పక్కన అటు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. వచ్చి కూర్చున్నాక తల ఎత్తలేదు.

"ఏటైంది నీకు? సెప్పు" అంది అమ్మ.

"ఒంటికి గమ్మున రాదు. ఎల్లొచ్చినా మళ్ళీ ఎల్లాలనే ఉంటాది. పీటల మీద అంతసేపు ఎలా కూకుంటాను? పదిమందిలో పరువు పోతాది."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కోపం నా మీద కాదన్న సంతోషం ముందు, ఇన్నాళ్ళూ ఒక్కడే భయపడ్డాడన్న బాధ ఆ వెనకే.

మర్నాడే శ్రీకాకుళం లాక్కెళ్ళాం. డాక్టరు నిదానంగా చెప్పాడు: "మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుంది. వయసు మళ్ళాక చాలామంది మగవాళ్ళకు అది పెరిగి మూత్రం దారిని నొక్కుతుంది. పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, పరీక్ష చేసి తేల్చుకుందాం. నీళ్ళు మాత్రం మానకండి."

రక్తపరీక్ష, స్కానింగ్ అయ్యాక భయం లేదని మాత్రలు రాశాడు. మొదట్లో తేడా ఏమీ లేదని నాన్న సణిగాడు. పెళ్ళి దగ్గరపడేసరికి సణుగుడు తగ్గింది, నిద్ర పెరిగింది.

పెళ్ళిలో అమ్మ పక్కన పీటల మీద నాన్నే కూర్చున్నాడు. మధ్యలో లేచి నిలబడ్డాడు.

"పంతులుగారూ, ఒక్క నిమిషం. నాకు ప్రోస్టేట్ ఉన్నాది, ఎల్లొస్తాను."

పంతులుగారి ముందున్న మైకులో అది పందిరంతా వినపడింది. అందరూ గొల్లున నవ్వారు, నాన్న కూడా నవ్వాడు. తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, నా చేతిని పెళ్ళికొడుకు చేతిలో పెట్టాడు.

భోజనాల దగ్గర మా మావగారు నాన్నను తన పక్కకు రమ్మని సైగ చేశారు. బిగుసుకుని ఉండే మనిషి. మర్యాదల్లో ఏం లోటు జరిగిందోనని నేను చెవులు రిక్కించాను.

"బావగారూ, ఆ డాక్టరు ఎక్కడుంటాడు?"

మావగారి విస్తరి పక్కన నీళ్ళ గ్లాసు నిండుగా అలాగే ఉంది. నాన్న దాన్ని తీసి ఆయన చేతికిచ్చాడు.

"సిగ్గేటి బావగారూ, నాను మైకులోనే సెప్పీసినాను కదా. ఎల్లుండి ఇద్దరం ఎల్దాం. ముందు నీళ్ళు తాగండి."