ఎడమ చేయి, కుడి చంక

1969 ఫిబ్రవరిలో చేవెళ్ల తాలూకాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నాకు మొదటి పోస్టింగు వచ్చింది. హోదా విమెన్ అసిస్టెంట్ సర్జన్. పేరు గంభీరంగానే ఉన్నా కేంద్రంలో అది రెండో కుర్చీ. మొదటి కుర్చీ మెడికల్ ఆఫీసరుగారిది. రోగిని నగరానికి పంపాలన్నా, సర్టిఫికెట్ ఇవ్వాలన్నా ఆయన సంతకమే చెల్లుతుంది. ఆడవాళ్లను, పిల్లలను చూడటం నా పని. నేను మాట్లాడేది తక్కువ, చదివేది ఎక్కువ. నగరంలోని లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల ఒకటి ఆ వేసవంతా నా దగ్గరే ఉండిపోయింది. బస్సు దొరికిన రోజు లైబ్రరీ మూత, లైబ్రరీ తెరిచిన రోజు బస్సు బందు.

ప్రత్యేక తెలంగాణ ఆందోళన అప్పటికే రోడ్ల మీదికి వచ్చింది. మెహిదీపట్నం నుంచి బయలుదేరిన బస్సు మొయినాబాద్ దాకా వస్తే గొప్ప. మా మెడికల్ ఆఫీసరుగారిది కోస్తా జిల్లా. పని తెలిసిన మనిషే. కానీ ఆ నెలల్లో ఎవరు ఏమన్నా ఆయనకు అందులో ఉద్యమం వినిపించేది. మా కాంపౌండరుకేమో ఆయన ఏం చేసినా అందులో ఆంధ్ర కనిపించేది. మధ్యలో నేను. థర్మామీటరు కడగమన్నా ఎవరి పక్షాన అన్నానో లెక్కగట్టేవారు.

జూన్‌లో ఎస్తేరు వచ్చింది. మొయినాబాద్ దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. భర్త లేడు. వంటింటి వెనక గదిలో తనూ, ఏడాదిన్నర పిల్లా ఉండేవారు. ఆ గది వంట పనితో ముడిపడి ఉంది, పని పోతే గదీ పోతుంది. ఆమె కుడి చంకలో నిమ్మకాయంత గడ్డ లేచింది. అది టీబీ గడ్డయితే వంటింట్లో అడుగుపెట్టనివ్వనని, డాక్టరు కాగితం తెస్తేనే రమ్మని వార్డెనమ్మ చెప్పి పంపింది.

చేతికి మశూచి టీకా వేస్తే ఆ పక్క చంకలో గడ్డ కట్టడం మామూలే. చంకలోని లింఫ్ గ్రంథులు చేతి నుంచి వచ్చే దాన్ని వడకట్టే జల్లెడల్లాంటివి, పని పెరిగితే ఉబ్బుతాయి. అందులోనూ పెద్ద వయసులో మొదటిసారి టీకా పడితే బాగా ఉబ్బుతాయి. అందుకే మెడికల్ ఆఫీసరుగారు మొదట టీకా సంగతే అడిగారు. ఆ మధ్య హాస్టల్లో అందరికీ వేశారని ఆమె చెప్పింది. ఆయన ఆమె ఎడమ చేయి పట్టి రవిక పైకి జరిపి చూశారు. మా దగ్గర టీకా ఎడమ చేతికే వేయాలని నియమం. అక్కడ కొత్త పక్కు లేదు, చిన్ననాటి మచ్చ కూడా లేదు.

“అబద్ధం. దీనికి టీకా వేయలేదు” అన్నారు.

“ఏసిన్రు సారూ. అబద్ధమాడితే నాకేమొస్తది?” అంది ఎస్తేరు.

ఆయన నన్ను రాసుకోమన్నారు: టీబీ గడ్డగా అనుమానం, కోసి తీయడానికి నగరంలో సర్జికల్ వార్డుకు పంపవలెను. బస్సులు లేవు, పెద్ద దవాఖానల్లో అత్యవసరమైతే తప్ప చూడటం లేదు. అయినా రాసుకోవాలి. ఆ కాగితం హాస్టలుకు చేరితే సాయంత్రానికి ఆమె సామాను బయట ఉంటుంది. కుడి చేయి కూడా చూద్దామన్నాను.

“నియమం మీకు తెలుసుగా?”

“తెలుసు సార్.”

“మరి? మీరూ ఉద్యమంలో చేరారా డాక్టరుగారూ?”

కుడి చేతికీ ఉద్యమానికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎస్తేరును తెర వెనక్కి తీసుకెళ్లాను. మోచేతి దాకా బిగుతు రవిక. విప్పితే కుడి జబ్బ మీద గుడ్డపట్టీ, దాని కింద గుండ్రటి నల్లటి పక్కు. అచ్చమైన టీకా పక్కు.

“మరి చెప్పలేదేమమ్మా?” అన్నాను, కొంచెం గట్టిగానే.

“ఏ చెయ్యి అని అడిగిన్రా ఎవ్వలన్న? సారు గీ చెయ్యి గుంజిండు, అబద్ధమన్నడు. ఇగ నోరిప్పితే ఇంకేమంటడో అని ఊకున్న.”

“కుడి చేతికి ఎందుకు వేయించుకున్నావు?”

“పిల్ల ఎడమ భుజం మీద పండుకున్నది. లేపితే ఇల్లు పీకి పందిరేస్తది. గా టీకాలాయనే లేపకు లేపకు, గా చెయ్యియ్యి అన్నడు.”

ఆ టీకాలాయన చేవెళ్ల మనిషే. ఉద్యోగుల సమ్మెలో ఉన్నాడు, పిలిచి అడిగే వీలు లేదు. మెడికల్ ఆఫీసరుగారు తెర పక్కన నిలబడి పక్కు చూశారు. సెగ్గడ్డ మాని పక్కు కట్టి ఉండొచ్చన్నారు. టీకా అయితే ఎడమ చేతికి ఉండాలి కదా అన్నారు. కుడి చేతిని చూస్తూ ఎడమ చేతి గురించి మాట్లాడే మనిషితో ఎలా వాదించాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. వరండాలో కాంపౌండరు, “ఆంధ్రాయన గదమ్మా, మన చెయ్యి ఆయనకెట్ల కనవడ్తది?” అని నవ్వాడు. నియమం తప్పింది మన చేవెళ్లాయనే అని నేనంటే మొహం మాడ్చుకున్నాడు. ఇద్దరికీ ఆ గడ్డ పట్టలేదు.

చివరికి నా మాట నెగ్గించింది బందు. బస్సులు నడిచేదాకా ఎలాగూ పంపలేము కాబట్టి అందాకా గడ్డను కనిపెట్టి చూస్తానన్నాను. సరేనన్నారు. హాస్టలుకు కాగితం వెళ్లలేదు. కాగితం లేనిదే వార్డెనమ్మ వంటింట్లోకి రానివ్వలేదు, గదిలోంచి పొమ్మనీ అనలేదు.

అప్పుడు మాకు స్కానింగు లేదు, వేళ్లే ఆధారం. నొక్కితే నొప్పి ఉందా, వేలి కింద కదులుతోందా, ఒకదానికొకటి అతుక్కున్నాయా అని చూడాలి. టీబీ గడ్డలు ఎక్కువగా అతుక్కుపోతాయి, నొప్పి తక్కువ. ఎస్తేరు గడ్డ విడిగా కదిలేది, తాకితే ఆమె ఉలిక్కిపడేది. గడ్డ అంచు ఎక్కడుందో వేలితో పట్టుకుని, పుండ్లకు పూసే ఊదారంగు మందుతో చర్మం మీద చుట్టూ గీత గీశాను. నడిచి వచ్చిన ప్రతిసారీ కొత్త గీత పాత గీతకు లోపల పడింది.

“చెర్వు ఎండుతుంటే గట్టు జరిపినట్టు జరుపుతున్నవు గదమ్మా” అనేది ఎస్తేరు. “ఎండుతున్నదా మరి?”

ఎండుతోంది. జూలైలో వర్షాలు పట్టేసరికి చింతగింజంత మిగిలింది. పక్కు ఊడి, గుంట మచ్చ పడింది.

ఇక కాగితం కావాలి. మెడికల్ ఆఫీసరుగారు రాయనన్నారు. టీకా వల్ల వచ్చిందని రాస్తే కుడి చేతికి వేశారని ఒప్పుకున్నట్టు, పైనుంచి సంజాయిషీ అడుగుతారు. టీబీ కాదని రాయడానికి పరీక్ష చేయలేదు. రెండూ నిజమే. ఆ రెండు నిజాల మధ్య ఒక మనిషి గది పోతోంది. నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది. కొట్టుకునే బదులు ఒక కాగితం తీసి నేనే రాశాను: ఈ రోజు పరీక్షించగా చంకలో చికిత్స అవసరమైన గడ్డ లేదు, వంట పనికి అభ్యంతరం లేదు.

ఆయన రెండుసార్లు చదివారు. “కుడి చంక అని రాయలేదేం?”

“ఏ చంక అని రాస్తే ఏ చేయి అని అడుగుతారు సార్.”

ఆయన సంతకం పెట్టారు. ఎస్తేరు ఆ కాగితం మడిచి రవికలో పెట్టుకుని, పిల్లను ఎడమ భుజానికెత్తుకుని వెళ్లింది. మర్నాడు వంటింట్లో పొయ్యి ఆమే ముట్టించిందని కాంపౌండరు చెప్పాడు.

తర్వాత నేను రేడియాలజీ చదివి, ఉద్యోగంలో చివరి సగం అల్ట్రాసౌండ్ గదిలోనే గడిపాను. నేను ఊదారంగు గీతతో వెతికిన అంచు తెర మీద దానంతటదే కనిపిస్తుంది. గ్రంథి కోలగా ఉందా, నడిమి తెల్లటి కొవ్వు చెదరకుండా ఉందా, పైపొర ఎంత మందమైంది, అన్నీ కొలవొచ్చు. కోవిడ్ టీకాల కాలంలో నా దగ్గర చదువుకున్న డాక్టరు ఒకామె ఫోన్ చేసింది. కుడి చంకలో ఉబ్బిన గ్రంథి, టీకా ఎడమ చేతికి, కాబట్టి సూదితో ముక్క తీయాలేమో అంది. ఎడమ చేతికని పేషెంటు చెప్పిందా అని అడిగాను. లేదు మేడం, మామూలుగా ఎడమ చేతికేగా వేసేది అంది. ముందు వెళ్లి అడగమన్నాను. కుడి చేతికట.

చంకలో గడ్డతో వచ్చిన మనిషికి ముందు రెండు చేతులూ చూడాలి. మచ్చ మిగలని టీకా అయితే ఏ చేతికి అని నోరు తెరిచి అడగాలి. ఎడమ చేతికి వేయాలన్నది టీకా వేసేవారికి నియమం, చూసేవారికి కాదు.